పక్క సీట్లో మనిషి

అతని మీద ఫిర్యాదు పంపింది నాలుగో ఇంటి నానమ్మే. ఇందులో అనుమానం లేదు. ఫొటో తీసిన కోణం ఆమె బాల్కనీదే. రెయిలింగు మీద ఆరేసిన తువ్వాలు అంచు కూడా ఫొటోలో ఓ మూల పడింది. మూడేళ్ళుగా అతను ఆమె మనవరాలిని తన వ్యానులో పొద్దున బడికి తీసుకెళ్ళి, సాయంత్రం తెచ్చి గేటు దగ్గర అప్పజెబుతున్నాడు. వానైనా ఎండైనా ఒక్కరోజు నాగా లేదు. దానికి ఆమె చేసిన సన్మానం ఇది.

ఫొటోలో అతను స్పష్టంగా ఉన్నాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చేతిలో ఫోను, చూపు ఫోనులో. వెనక పిల్లల తలలు వరసగా పేర్చిన కొబ్బరికాయల్లా ఉన్నాయి. పక్క సీటు ఖాళీ.

ఫొటో వెంట రవాణా ఆఫీసు నోటీసు వచ్చింది. బండి నడుపుతూ ఫోను వాడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ రోడ్డు మీది కెమెరాలు పట్టుకున్నాయి. అప్పుడు జరిమానా కట్టి నోరు మూసుకున్నాడు. మూడోసారికి జరిమానాతో పోదట. లైసెన్సు ఆపేస్తారట, బడిపిల్లల బండి కాబట్టి ఆరు నెలలు. చెప్పుకునేది ఉంటే గురువారం పదకొండు గంటలకు విచారణకు వచ్చి చెప్పుకోవాలి.

బడి పెద్దమ్మగారు ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "ఆరు నెలలంటే మేం ఆగలేమండీ. ఆ దారి ఇంకో వ్యానుకి ఇచ్చేస్తాం. ఇచ్చాక మళ్ళీ వెనక్కి తీసుకోవడం మా పద్ధతి కాదు."

ఆ దారి తప్ప అతనికి మిగిలిందేమీ లేదు. పన్నెండు ఇళ్ళు, పంతొమ్మిదిమంది పిల్లలు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ రెండు గంటలూ ఉన్నాయి కాబట్టి మిగతా ఇరవై రెండూ గడుస్తున్నాయి. భార్య పోయి ఎనిమిది నెలలు.

పదేళ్ళకు పైగా వ్యానులో అతని పక్క సీటు ఆమెది. అతను స్టీరింగు, ఆమె ఫోను. ఒక ఇంటి దగ్గర పిల్లలు ఎక్కి బండి కదలగానే తరవాతి ఇంటికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒక్క రింగు మోగించి తెంపేసేది. ఆ రింగు వింటే ఆ ఇంట్లో తల్లి బిడ్డకు బూటు తాడు బిగించి, సంచీ తగిలించి, గేటు దగ్గరికి తోలాలి. వ్యాను వచ్చేసరికి బిడ్డ నిలబడి ఉండాలి. ఎవరూ ఫోను ఎత్తకూడదు. కొత్తగా చేరిన తల్లులు తెలియక ఎత్తితే, "ఎత్తకమ్మా తల్లీ, నువ్వు ఎత్తితే నా పద్ధతి మొత్తం పాడవుతుంది" అని చివాట్లు పెట్టేది. ఆ పద్ధతి మీద పదేళ్ళు వ్యాను ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

జ్వరమని ఆస్పత్రికి వెళ్ళి పదకొండో రోజున పోయింది. ఆమె పోయాక ఫోను అతని చేతికొచ్చింది. బడివాళ్ళు ఒక ఆయాను పంపారు. ఆ పిల్ల పక్క సీట్లో కూర్చోబోతే వెనక కూర్చోమన్నాడు. వెనక కూర్చున్నా అద్దంలోంచి అతను చూసే చూపుకి వారం తిరక్కుండానే మానేసింది. ఆ తరవాత ఇంకొకరిని పంపుతామంటే అక్కర్లేదన్నాడు.

చట్టం కళ్ళకు కనిపించింది ఒకడు చేసిన తప్పు. అతనికి తెలిసింది ఇద్దరి పని ఒకడు చెయ్యడం.

మంగళవారం పొద్దున పిల్లల్ని దింపి బావమరిది షెడ్డుకి వెళ్ళాడు. బావమరిది మెకానిక్కు. వ్యాను కింద దూరి బ్రేకులు చూస్తూనే నోటీసు సంగతి విన్నాడు.

"బావా, ఒక్కటి చెప్పు. నువ్వు ఫోనులో మాట్లాడావా?"

"లేదు."

"అవతలివాళ్ళు ఎత్తారా?"

"లేదు."

"ఇంకేం!" బావమరిది నూనె మొహంతో బయటికి పాక్కుంటూ వచ్చాడు. "ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ వినలేదు. మరి ఫోను వాడిందెక్కడ? పీటల మీద ఎవరూ కూర్చోని పెళ్ళికి కట్నాలు చదివించమన్నట్టుంది వీళ్ళ నోటీసు. ఆ మాటే చెప్పు. మిస్డ్ కాల్ అసలు కాలే కాదను."

అతను తల ఊపాడు. ఎనిమిది నెలలుగా తన మనసులో ఉన్నదీ అదే.

"అయితే గురువారం దాకా మాత్రం ఫోను ముట్టకు బావా. ఆ ముసలావిడ బాల్కనీలో గద్దలా కాచుక్కూచుని ఉంటుంది."

ఆ సాయంత్రం గద్ద గేటు దగ్గరే నిలబడి ఉంది. మనవరాలు దిగి లోపలికి పరిగెత్తింది. అతను ఇంజను ఆపాడు.

"ఫొటో తీసింది మీరే."

"నేనే. సరిగ్గా రాలేదా? చెయ్యి కాస్త వణికింది."

"నాతో ఒక మాట చెబితే సరిపోయేది."

"మూడుసార్లు చెప్పాను నాయనా. మూడుసార్లూ తల ఊపావు. ఊపుతూ ఊపుతూనే ఫోనులోకి చూశావు."

"నేను మాట్లాడలేదు. అది మిస్డ్ కాల్."

"కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అదే అంటుంది." ఆమె గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. "ముప్పై రెండేళ్ళు ఎముకల వార్డులో ఆయాగా చేశాను. బండి గుద్దినవాడు అక్కడికి వచ్చి చెప్పే మాట ఒక్కటే. ఒక్క క్షణం చూపు తిప్పానండీ అంటాడు. ఆ ఒక్క క్షణం కింద పడ్డవాళ్ళకి కట్టు కడుతుంటే నేను కాళ్ళు పట్టుకునేదాన్ని. కదలకుండా. చిన్నపిల్లలైతే ఇద్దరం పట్టుకునేవాళ్ళం."

"పదకొండేళ్ళలో నా బండి మీద గీత పడలేదు."

"అందులో పదేళ్ళు మీ ఇద్దరివీ. ఈ ఎనిమిది నెలలే నీవి."

"ఆవిడ ఊసు మీరు ఎత్తకండి."

"ఎత్తను. నీ పొట్ట కొట్టాలని కూడా నేను..."

"కొట్టేశారు" అని అతను బండి స్టార్ట్ చేశాడు.

బుధవారం ఫోనును డాష్‌బోర్డు అరలో పడేసి మూత వేశాడు. మొదటి ఇల్లు బాగానే గడిచింది, ఆ ఇంటికి ఎప్పుడూ గడియారమే ఆధారం. రెండో ఇంటి దగ్గర గేటు మూసి ఉంది. హారన్ కొడితే ఎదురింట్లోంచి బనీను మీద ఒకాయన బయటికొచ్చి, "ఇప్పుడే డ్యూటీ దిగి పడుకున్నానయ్యా, మనుషులేనా మీరు?" అన్నాడు. నాలుగు నిమిషాలకు బిడ్డ ఒక బూటు తొడుక్కుని, ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది. మూడో ఇంట్లో పిల్లకి జడ సగంలో ఉంది. అయిదో ఇంటి తల్లి, "రింగు ఇవ్వలేదేం అన్నయ్యా? మీ రింగు రాలేదని ఇవాళ బడి లేదనుకున్నాం" అంది. ఆరో ఇల్లు దాటేసరికి పదమూడు నిమిషాల ఆలస్యం.

ఆరో ఇంటికీ ఏడో ఇంటికీ మధ్య కలప అడితి గోడ వెంట రోడ్డు మలుపు తిరుగుతుంది. మలుపులో రోడ్డు దాటేవాళ్ళ కోసం తెల్లచారలు ఉన్నాయి. ఏడో ఇల్లు కాస్త దూరం, దానికి రింగు ఇచ్చే చోటు అదే. చెయ్యి దానంతట అదే అర వైపు వెళ్ళింది. మళ్ళీ స్టీరింగు మీదికి తెచ్చుకున్నాడు. ముందుకు చూశాడు.

చారల అంచున ఒక ముసలాయన కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. చంకలో దినపత్రిక.

అతను వ్యాను ఆపాడు. ముసలాయన కదల్లేదు. వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపాడు. మీరే దాటండి అన్నట్టు ఇతను చెయ్యి ఊపాడు. ముసలాయన నమ్మకం లేని మొహంతో ఒక్కో అడుగే వేస్తూ సగం దాకా వచ్చి, కిటికీ దగ్గర ఆగాడు.

"ఏమిటి బాబూ విశేషం? ఇవాళ ఆగావు."

"మీరు నిలబడ్డారు కదండీ."

"రోజూ నిలబడతానుగా. ఇవాళైతే పావుగంట నుంచి నిలబడ్డాను. నీ బండి పోతేగానీ దాటకూడదని పెట్టుకున్నా." ఆయన గొంతులో కోపం లేదు. "ఇదివరకు ఆగేవాడివి. పక్కన మీ ఇంటావిడ కూర్చుని దాటమని చెయ్యి ఊపేది. ఆవిడ కనిపించకపోయిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను చూడ్డం మానేశావు. ఏం తప్పు చేశానో అనుకున్నాను. ఒకసారి మాత్రం తొందరపడి ఒక అడుగు దిగాను. నీ బండి నా కర్ర కొస ఎగరగొట్టుకుపోయింది. నీకు చప్పుడు వినపడలేదా?"

"లేదు" అన్నాడు అతను. మళ్ళీ అన్నాడు, "వినపడలేదండీ."

"పోనీలే, కర్రేగా. కొత్తది కొనుక్కున్నాను. ఇది ఇంకా గట్టిది." ముసలాయన మిగతా సగం దాటాడు.

వెనక నుంచి నాలుగో ఇంటి మనవరాలు సీటు మీదికి వంగి చెప్పింది. "వ్యాను తాతా, ఆ రోజు మేం చూశాం. అందరం అరిచాం కూడా. నువ్వు వినలేదు."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది. నువ్వు ఫోనులో ఉన్నావు."

వెనక బళ్ళు హారన్లు కొడితేగానీ అతను బండి కదిలించలేదు. బడికి చేరేసరికి గేటు మూసేశారు. పంతొమ్మిదిమందినీ వాచ్‌మన్ దగ్గర వరసలో నిలబెట్టి పేర్లు రాయించవలసి వచ్చింది. పదకొండేళ్ళలో అది మొదటిసారి. అయినా అతని చెవుల్లో ఉన్నది పెద్దమ్మగారి తిట్లు కావు. తను వినని కర్ర చప్పుడు.

గురువారం పొద్దున వ్యాను బావమరిది నడిపాడు. పదకొండుకి ఇద్దరూ రవాణా ఆఫీసుకి వెళ్ళారు.

"గుర్తుందిగా బావా? కాలే కాదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని వదలకు."

గదిలో ఒక బల్ల, దాని వెనక కళ్ళద్దాల ఆఫీసరమ్మ, గోడ పక్కన బెంచీ. బెంచీ మీద నాలుగో ఇంటి నానమ్మ గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఫిర్యాదీ కూడా రావాలట. అతను ఆమె వంక చూడలేదు.

"ఫొటోలో ఉన్నది మీరేనా?" అంది ఆఫీసరమ్మ.

"నేనే."

"బండి కదులుతోందా?"

"కదులుతోంది."

"ఏమైనా చెప్పుకుంటారా?"

గుమ్మంలో నిలబడ్డ బావమరిది గొంతు సవరించుకున్నాడు. అతనికి ఆ ముక్క నాలిక చివరనే ఉంది. అక్కడే ఉండిపోయింది. మిస్డ్ కాల్ పద్ధతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు.

"చూడండి" అంది ఆఫీసరమ్మ. "మీరు మాట్లాడారా లేదా అన్నది చట్టం అడగదు. నడిపేవాడి చేతిలో ఫోను ఉండకూడదు, అంతే. ఎర్ర లైటు దగ్గర ఆగినా ఉండకూడదు. బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, అప్పుడు ఎన్ని రింగులైనా ఇచ్చుకోండి. పక్కన మనిషి ఉండి ఆ మనిషి ఇస్తే చట్టానికి అభ్యంతరం లేదు."

"పక్కన మనిషి లేదు."

"పెట్టుకోవచ్చుగా?"

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తరవాత అన్నాడు, "ఇంకొకటి ఉంది. మీ కాగితంలో లేదు."

కర్ర సంగతి చెప్పాడు. మలుపు, చారలు, ముసలాయన, పిల్లల అరుపులు. ఒక్కటీ దాచలేదు. గుమ్మంలో బావమరిది నుదురు కొట్టుకున్నాడు. కొరివితో తల గోక్కునేవాళ్ళ గురించి వినడమేగానీ కళ్ళారా చూడ్డం అతనికి అదే మొదలు.

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇది మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"మూడు తప్పులని రాసుంది. నాలుగు. మూడుకి సంతకం పెడితే అబద్ధం అవుతుంది."

ఆమె చాలాసేపు రాసింది. రాసి చదివింది. "ఆరు నెలలు వేస్తున్నాను. అందులో రెండు వారాలు ఇప్పుడే మొదలు. ఆ రెండు వారాలూ బండి ముట్టరు, రోజూ ఇక్కడ తరగతికి వస్తారు. మిగతా అయిదున్నర నెలలూ ఒక షరతు మీద ఆపి ఉంచుతున్నాను. పక్కన మనిషి లేకుండా పిల్లల బండి నడపకూడదు. ఒక్కరోజు నడిపినా మిగతా శిక్ష మొత్తం అమలవుతుంది. ఆ మనిషి పేరు ఈ గీత మీద ఇవాళే రాయాలి. ఎవరు?"

"ఎవరూ లేరు."

"అయితే ఆరు నెలలే."

"నా పేరు రాయండమ్మా" అంది బెంచీ మీది నుంచి నానమ్మ.

"వద్దు" అన్నాడు అతను.

"నేను నీతో చెప్పలేదు. ఆవిడతో చెబుతున్నాను."

"ఫిర్యాదు చేసిన మనిషే పక్కన కూర్చుంటుందా? ఇదేం న్యాయం?"

ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసింది. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది. "చట్టంలో అడ్డం లేదండి. మీరు బయటికి వెళ్ళి తేల్చుకుని రండి. మధ్యాహ్నం దాకా ఉంటాను."

వరండాలో అతను ఒక స్తంభం దగ్గర నిలబడ్డాడు. నానమ్మ రెండో స్తంభం దగ్గర నిలబడింది. బావమరిది ఇద్దరినీ చూసి, కాఫీ తాగొస్తానని తప్పుకున్నాడు.

"ఎందుకు మీకీ పని?" అన్నాడు అతను. "నన్ను దింపిందీ మీరే, ఎక్కించేదీ మీరేనా?"

"నువ్వు ఆగాలని పంపానయ్యా ఫొటో. నువ్వు పోవాలని కాదు. రెండూ ఒకటే అయి కూర్చుంటాయని నాకు తట్టలేదు." ఆమె గొడుగు చివరతో నేల మీద గీత గీసింది. "ఆ సంగతి ముందు కనుక్కుని పంపాల్సింది. కనుక్కోలేదు."

"మీ కీళ్ళు సహకరిస్తాయా? మెట్లు దిగడానికే పది నిమిషాలు పడుతుంది మీకు."

"ఇది కూర్చునే ఉద్యోగమేగా. ముప్పై రెండేళ్ళు నిలబడే చేశాను. ఇప్పటికి కూర్చునేది దొరికింది." గొంతు తగ్గించి అంది, "నేను వెనక కూర్చుంటాను. పిల్లల మధ్యన. ఆ ముందు సీటు ఎవరిదో నాకు తెలుసు. దాని జోలికి రాను."

అతను ఎదురు గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. లైసెన్సు కోసం వచ్చిన కుర్రకారు నవ్వుకుంటూ ముందు నుంచి వెళ్ళిపోయారు. ఎక్కడో ఫోను మోగింది, ఎవరో ఎత్తారు. మెట్ల మీద ఎండ ఒక మెట్టు పైకి జరిగింది.

"వెనక కుదరదు" అన్నాడు.

"అంటే?"

"వెనక నుంచి రోడ్డు కనబడదు. పిల్లల తలలు అడ్డం వస్తాయి. ఏడో ఇంటికి మలుపు ముందు రింగు ఇవ్వాలి. మలుపు కనబడాలి. మలుపులో దాటేవాళ్ళుంటారు, వాళ్ళూ కనబడాలి." అతను ఆమె వైపు తిరగలేదు. "ముందే కూర్చోవాలి."

నానమ్మ గొడుగు చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది. గీత మీద పేరు ఆమే రాసింది. దాని కింద అతను సంతకం పెట్టాడు.

రెండు వారాలు తరగతికి వెళ్ళాడు. ముందు వరసలో కూర్చున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. వ్యాను బావమరిది నడిపాడు, నానమ్మ వెనక పిల్లల దగ్గర కూర్చుంది. ముందు కూర్చోమని బావమరిది అడిగితే, "పిలిచినవాడు వచ్చినప్పుడు కూర్చుంటాలే" అందట.

ఆ తరవాతి సోమవారం అతను అందరికన్నా ముందు నానమ్మ ఇంటికే వచ్చాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. తలుపు వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి అతనే దిగి వచ్చి వేశాడు. ఫోను ఆమె చేతికిచ్చాడు.

మొదటి ఇంటి పిల్లలు ఎక్కారు. ఆమె రెండో ఇంటికి రింగు ఇచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు మోగాయి. అవతల ఎత్తారు.

"హలో? ఎవరండీ?"

"నేనేనమ్మా, వ్యాను. బాగున్నావా?"

"వచ్చేశారా?"

"రాలేదు, వస్తున్నాం. నువ్వు ఫోను ఎత్తకూడదట తల్లీ."

"ఒక్క రింగు" అన్నాడు అతను రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "మోగగానే తెంపాలి."

"మనిషి పలికాక ఎలా తెంపుతానయ్యా? మర్యాదేనా?"

"పలక్కముందే తెంపాలి."

వెనక పిల్లలు పడీ పడీ నవ్వారు. మూడో ఇంటికి రెండు రింగుల్లో తెంపింది. నాలుగో ఇల్లు తనదే. "ఎదురుగా నిలబడి పిలిస్తేనే మా కోడలు పలకదు, మిస్డ్ కాల్‌కి పలుకుతుందా?" అంటూ ఒక్క రింగు ఇచ్చి ఠక్కున తెంపింది. వ్యాను ఆ వీధిలోకి తిరిగేసరికి మనవరాలు రెండు బూట్లతో, అల్లిన జడతో గేటు బయట నిలబడి ఉంది. పక్కన కోడలు కూడా. అత్తగారు ముందు సీట్లో కూర్చుని రావడం చూసి కోడలు చెయ్యి ఊపింది. అత్తగారు ఫోను ఊపింది.

బడి గంటకు ఏడు నిమిషాల ముందు గేటు చేరారు. పంతొమ్మిదిమందీ దిగి పరిగెత్తారు. వాచ్‌మన్ గడియారం చూసుకుని, "మళ్ళీ దార్లో పడ్డారే!" అన్నాడు.

వ్యాను ఖాళీ అయింది. నానమ్మ ఫోనును కొంగుతో తుడుస్తూ అడిగింది. "ఇంకా నా మీద కోపమేనా?"

"నాలుగోసారి చెప్పి ఉండాల్సింది మీరు. చెప్పకుండా పంపారు. అది తప్పు."

"తప్పేలే. మరి నీది?"

"నాది కాగితం మీద ఉంది."

"అయితే చెల్లుకి చెల్లు అనుకుందామా?"

"అనుకోవద్దు" అన్నాడు అతను. "అసలు ఆ ఊసే వద్దు. మీ కోడలు అడిగినా, మా బావమరిది అడిగినా, రేపు మీరే అడిగినా నేను చెప్పేదేం లేదు. సాయంత్రం మూడున్నరకు వస్తాను, కిందికి దిగి ఉండండి. ఈ సంగతి మాత్రం ఇంకెప్పుడూ నా నోట రాదు."

రాలేదు కూడా.